రెండో దెబ్బ

జిగురు ఫ్యాక్టరీలో అందరూ అతన్ని గుంజ అనేవాళ్లు. శుభ్రం చేయడానికి ట్యాంకులోకి ఎవరైనా దిగితే, పైన దాని నోటి దగ్గర నిలబడి లోపలివాడి మీద నుంచి కన్ను తీయకుండా ఉండటం అతని పని. లోపల ఏం జరిగినా తను దిగకూడదు. ఇంకొకణ్ణి దిగనివ్వకూడదు. గాలి సిలిండర్లు తగిలించుకుని వచ్చే రక్షణ మనుషుల్ని పిలిచి, వాళ్లు వచ్చేదాకా నోటిని కాయాలి.

ఆ పేరు పెట్టింది అతని సొంత బావ, అక్క మొగుడు, ట్యాంకులు కడిగే ముఠాకి మేస్త్రీ.

"మీ అక్క మొహం చూసి పెట్టించానురా ఈ పనిలో. లేకపోతే నీ మొహానికి గుంజ పని కూడా ఎవడిస్తాడు?" అనేవాడు, నలుగురూ వినేలా.

గుంజ నవ్వి ఊరుకునేవాడు. నవ్వు పైకి వచ్చేది. ఆ మాట మాత్రం లోపలికి దిగేది. దిగి ఎక్కడ కూర్చుంటోందో అతను ఎప్పుడూ తడుముకుని చూసుకోలేదు.

ఆ రోజు ట్యాంకులోకి దిగింది మేస్త్రీ తమ్ముడు, చిన్నోడు. తోళ్లు ఉడికించిన నీళ్లు అందులో నెలల తరబడి కుళ్లి, అడుగున మోకాలి లోతు బురదగా పేరుకున్నాయి. దిగేముందు గాలిని కొలిచే మీటరు లోపలికి వదిలి చూశారు. ఫరవాలేదంది. చిన్నోడి వీపు మీది పట్టీకి తాడు కట్టారు. ఆ తాడు మూడుకాళ్ల స్టాండు మీది చక్రం మీదుగా వచ్చి గుంజ చేతి దగ్గరి హ్యాండిల్‌కి చుట్టుకుని ఉంది. లోపల మనిషి కూలబడితే ఎవరూ దిగకుండా పైకి లాగడానికే ఆ ఏర్పాటంతా.

"బావా, ఏం కంపు బావా ఇది! మా అన్న పెళ్లిలో మీవాళ్లు పెట్టిన పప్పు గుర్తొస్తోంది," అని కింది నుంచి అరిచాడు చిన్నోడు.

"గిన్నె అడుగు నాకింది నువ్వే కదరా."

లోపల నవ్వు ఇనప గోడలకి కొట్టుకుని పెద్దదై పైకొచ్చింది.

బురద బకెట్లని ఒక్కొక్కటిగా చేతి తాడుతో లాగుతున్నారు. పని నత్తనడకన సాగుతోంది. మేస్త్రీ వచ్చి చూసి విసుక్కున్నాడు.

"ఇలాగైతే తెల్లారినట్టే. చిన్నోడా, ఆ వీపు తాడు ఊడదీసి బకెట్‌కి తగిలించు. చక్రం మీద చకచకా వచ్చేస్తాయి."

"వద్దు బావా. ఆ తాడు మనిషికే ఉండాలి," అన్నాడు గుంజ.

"గుంజకి నోరొచ్చిందిరోయ్! లాగమన్నప్పుడు లాగు. ఆలోచన నాకొదిలెయ్."

ముఠా నవ్వింది. గుంజ హ్యాండిల్ తిప్పాడు. నిజంగానే బకెట్లు చకచకా వచ్చాయి.

కొంతసేపటికి చిన్నోడి గొంతు ఉల్లాసంగా వినిపించింది. "బావా! పీడా పోయింది, కంపు లేదు! అసలు ఏ వాసనా లేదు!"

గుంజ ట్యాంకు నోటి మీదికి వంగాడు. బురద కలబెడితే దాని కింద అణిగి ఉన్న విషవాయువు లేస్తుంది. కొంచెంగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు. ఎక్కువైతే అది ముందు ముక్కునే చంపుతుంది. కంపు పోవడమంటే గాలి బాగుపడటం కాదు.

"ఎక్కరా! ఉన్నపళంగా పైకి ఎక్కు!"

చిన్నోడు తలెత్తి చూశాడు. నిచ్చెన మెట్టు మీద ఒక చెయ్యి వేశాడు. చెయ్యి జారింది. కూర్చోబోతున్నవాడిలా మోకాళ్లు వంచి, ముఖం బురదలో పెట్టి పడిపోయాడు.

గుంజ సైరన్ నొక్కాడు. హ్యాండిల్ దగ్గరికి చెయ్యి వెళ్లి ఆగిపోయింది. తాడు చివర బకెట్ వేలాడుతోంది.

మేస్త్రీ పరుగున వచ్చి తొంగి చూశాడు. "చిన్నోడా!" అని పొలికేక పెట్టి ఒక కాలు ట్యాంకు నోట్లోకి దించాడు. గుంజ వెనక నుంచి నడుం పట్టుకున్నాడు.

"వదలరా! నా రక్తంరా వాడు!"

"దిగితే నువ్వూ పోతావు బావా. సిలిండర్లు వస్తున్నాయి."

మేస్త్రీ మోచెయ్యి గుంజ నోటి మీద పడింది. పన్ను ఊడి నాలుక మీదికి వచ్చింది. ఇద్దరూ ఆ ఇనప అంచు మీద కుక్కల్లా కలబడ్డారు. మేస్త్రీ అతని ముంజేతిని కండ ఊడేలా కొరికాడు, తలని అంచుకేసి బాదాడు. గుంజ కళ్లలోకి నెత్తురు కారింది. తడుముతున్న చేతికి పెద్ద పానా దొరికింది. ఎత్తి మేస్త్రీ భుజం మీద కొట్టాడు. ఎండుకొమ్మ విరిగిన చప్పుడైంది.

మేస్త్రీ పక్కకి పడ్డాడు. ట్యాంకు నోట్లోకి దిగిన కాలు బయటికి వచ్చేసింది. వెల్లకిలా పడి, గసపెడుతూ గుంజనే చూశాడు. ఇక కదల్లేదు.

అక్కడితో పని అయిపోయింది. ఆ సంగతి గుంజకి తెలుసు.

"కుక్కా," అన్నాడు మేస్త్రీ కింది నుంచి, మెల్లగా, అతనికొక్కడికే వినబడేలా. "అక్క పెట్టే కూడు తిని బతికే కుక్కా. అంతేనా నీ చేవ?"

గుంజ పానా మళ్లీ ఎత్తాడు. మోకాలి చిప్ప మీద దించాడు. మేస్త్రీ అరిచిన అరుపుకి ముఠా రెండడుగులు వెనక్కి వేసింది. ఆ క్షణంలో గుంజ ఒంట్లో పొంగినది భయం కాదు. ఏళ్ల తరబడి పస్తులున్నవాడి నోట్లో మొదటి ముద్ద పడ్డట్టుంది.

రక్షణ మనుషులు వచ్చి చిన్నోణ్ణి తీశారు. ముఖం మీది బురద తుడిస్తే కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ గాలి నాలుగు పీల్పులు పీల్చేసరికే ప్రాణం పోయి ఉంటుందన్నాడు డాక్టరు.

మేనేజరు వచ్చి గుంజ భుజం తట్టాడు. "నువ్వు లేకపోతే ఇవాళ రెండు శవాలయ్యా." తర్వాత ముఠాలో ఒక్కొక్కరూ వచ్చి తట్టారు. రెండో దెబ్బ సంగతి ఎవరూ అడగలేదు. అందరూ చూశారు. చూసి, రెండింటినీ కలిపి ఒకే మంచిపని కింద జమకట్టేశారు. ఎవరైనా అడుగుతారేమోనని అతను సాయంత్రం దాకా ఎదురుచూశాడు.

ఆస్పత్రిలో మేస్త్రీ మంచం మీద ఉన్నాడు. భుజానికీ మోకాలికీ కట్లు. అత్తగారిని పొదివి పట్టుకుని తీసుకురావడానికి అక్క కిందికి వెళ్లింది. గదిలో ఇద్దరే మిగిలారు.

"మొదటి దెబ్బకే ఆగిపోయాను. నీకు తెలుసు," అన్నాడు మేస్త్రీ.

"తెలుసు."

"మరి రెండోదెందుకురా?"

నువ్వు తిట్టావని అనబోయాడు గుంజ. అది అబద్ధం కాదు. కానీ నిజం అంత చిన్నదీ కాదు. "కొట్టాలనిపించింది బావా. ఎప్పటినుంచో."

మేస్త్రీ నవ్వబోయి, నొప్పికి మూలిగాడు. "తెలుసురా. అందుకే తిట్టాను."

గుంజకి అర్థం కాలేదు.

"కాలు లోపల పెట్టగానే వాడి వీపు కనబడింది. వాడు లేవడని తెలిసిపోయింది. దిగితే నేనూ లేవను. నా కాళ్లు చచ్చుబడ్డాయిరా. కానీ అందరూ చూస్తున్నారు. తమ్ముడు కింద పడి ఉంటే పెట్టిన కాలు ఎలా వెనక్కి తీసుకోను? ఎవడైనా పట్టుకుంటే బాగుండనుకున్నాను. నువ్వు పట్టుకున్నావు." కట్టు కట్టిన భుజం వైపు చూసుకున్నాడు. "భుజం విరిగితే ఏం, పాక్కుంటూ వెళ్లొచ్చుగా అంటారు రేపు. ఆ మాట కూడా రాకుండా మోకాలు విరగ్గొట్టించుకున్నాను. ఎక్కడ పొడిస్తే నువ్వు లేస్తావో నాకు తెలియదా?"

గుంజ మంచం కమ్మీ పట్టుకున్నాడు. ఉద్యోగం బావ ఇచ్చిందే. పేరూ బావ పెట్టిందే. ఆ కోపం ఒక్కటైనా తన సొంతం అనుకున్నాడు.

"తాడు విప్పమన్నది నేనే," అన్నాడు మేస్త్రీ గొంతు తగ్గించి. "అమ్మకి చెప్పకు."

తలుపు తెరుచుకుంది. ముసలామె కోడలి చెయ్యి విదిలించుకుని లోపలికి వచ్చింది. తల్లిని చూడగానే మేస్త్రీ ముఖం ముక్కలైంది. అందులో నటన లేదు. ఏడుపుతోపాటే మాటా తన్నుకొచ్చింది.

"వీడే అమ్మా! నేను దిగి తెచ్చేవాణ్ణి చిన్నోణ్ణి! వీడే నన్ను కొట్టి పడేశాడు!"

ముసలామె గుంజ వైపు తిరిగింది. "నా ఒక బిడ్డని ఇంకో బిడ్డ తెచ్చుకుంటానంటే నీకేం అడ్డమొచ్చిందిరా?"

"ఒరేయ్, నోరు విప్పరా," అంది అక్క గుమ్మంలో నుంచి. "ఏం జరిగిందో చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పరా."

గుంజ బావని చూశాడు. బావ కళ్లు అతన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. నోరు విప్పితే ఈ ముసలామెకి మిగిలిన ఒక్క కొడుకూ దక్కకుండా పోతాడు. అందుకే ఊరుకున్నానని రేపు తనకి తాను చెప్పుకోవచ్చు. కానీ ఆ రెండో దెబ్బ సంగతి ఎవరో ఒకరు నిలదీయాలని ఎదురుచూసింది తనే.

"అవునత్తా. నేనే కొట్టాను," అన్నాడు.

ఆమె చెయ్యి చెంప మీద పడింది. మళ్లీ పడింది. చిరిగిన పెదవి తెరుచుకుని నెత్తురు గడ్డం మీదికి కారింది. అక్క అడ్డం రాబోతే చెయ్యెత్తి వారించాడు. ముసలామె పొట్టి మనిషి, ఏడుస్తూ కొడుతోంది, దెబ్బలు సగం గాలిలో పోతున్నాయి. ఆమెకి అందేలా అతను కాస్త వంగాడు.