మరిది చేసిన కూజా

పాత పళ్ళబ్రష్షుతో కూజా మెడ చుట్టూ దుమ్ము దులుపుతూ, అలవాటు చొప్పున, అతుకులత్తయ్య దాన్ని చేసినవాణ్ణి తిట్టిపోస్తోంది. మనిషన్నాక చేసే పని మీద కాస్త ధ్యాస ఉండొద్దూ? సారె తిరుగుతుంటే ఏ దిక్కులు చూస్తూ కూర్చున్నాడో మహానుభావుడు, కూజా కాస్తా పక్కకి ఒరిగిపోయింది. అడుగున మడిచిన అట్టముక్క పెడితే తప్ప నిలబడదు.

ఆవిడ అసలు పేరు ఆ ప్రయోగశాలలో ఎవరికీ గుర్తులేదు. తవ్వకాల్లో దొరికిన మధ్యయుగపు కుండపెంకులు అక్కడికి బస్తాల్లో వస్తాయి. చదువుకున్నవాళ్ళు వాటి అంచులు కోసి, అరగదీసి, భూతద్దాల కింద పెట్టి, మట్టి ఏ వాగుది, ఇసుక ఎంత కలిపారు, కుండలు కాల్చిన ఆవంలో సెగ ఎంత అని తేలుస్తారు. ఆ పెంకుల్ని అతికి మళ్ళీ కుండగా నిలబెట్టడం ఈవిడ పని. జిగురు అంటిన పొట్టి వేళ్ళతో, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలతో, కిటికీ పక్క బల్ల దగ్గర వయసంతా గడిపేసింది. ఆవిడ అతుకు వంకరపోయిందని ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ సంగతి అందరికీ ఆవిడే గుర్తుచేస్తుంటుంది.

ఈ కూజా చేసినవాడికి మాత్రం ఆవిడ పెట్టిన పేరు మరిది.

"ఏడువందల ఏళ్ళ కిందటివాణ్ణి మరిది అంటావేమిటే? బావగారు అనాలి," అన్నాడు ఓసారి ఆవిడ మొగుడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, లెక్క తప్పితే సహించలేడు.

"బావగారైతే నోరారా తిట్టడం కుదరదుగా," అంది.

అప్పట్నుంచీ ఇంట్లో సగం మాటలు ఆ మరిది గురించే. మొగుడు అల్మారా తలుపు సరిగ్గా మూయకపోయినా, మంచం మీద దుప్పటి ఓ పక్కకి వేలాడినా, అచ్చం మీ తమ్ముడే అంటుంది. తనకి తమ్ముళ్ళే లేరని మొత్తుకోవడం ఆయన ఎప్పుడో మానేశాడు.

కూజా వంకర మీద ప్రయోగశాలలో తలా ఒక మాట చెప్పారు. ఆవంలో పక్క కుండ మీద పడి ఉంటుందన్నారు కొందరు. ఎడమచేతివాటం వాళ్ళు సుఖంగా నీళ్ళు వంపుకోవడానికే అలా చేశారని డైరెక్టరుగారు పెద్ద వ్యాసం రాశారు. అతుకులత్తయ్య తీర్పు ఒక్కటే: ఒళ్ళు బద్ధకం. చివరికి ఆవిడ మాటే నెగ్గి, 'చేసినవాడి నిర్లక్ష్యం వల్ల ఒరిగిన కూజా' అని చీటీ అచ్చయింది. ఆ సాయంత్రం వ్యాను వచ్చి కూజానూ చీటీనీ పెద్ద ప్రదర్శనశాలకి తీసుకుపోతుంది. ఇక తిరిగి రావు.

పంపేముందు ఎక్స్‌రే తీయాలని కొత్తగా చేరిన ఎక్స్‌రే అమ్మాయి పట్టుబట్టింది. తీసి, అత్తయ్యని తెర ముందు కూర్చోబెట్టింది. సారె మీద మట్టిని పైకి లాగినప్పుడు వేళ్ళు చేసిన చాళ్ళు చుట్టలు చుట్టలుగా కనిపించాయి.

"ఎంత నిలకడైన చెయ్యో చూశారా అత్తయ్యా," అని, ఆ అమ్మాయి ఉన్నట్టుండి తెర మీదకి వంగింది.

కూజా అడుగు రెండు ముక్కలుగా దొరికింది. ఆ రెండూ కలిసినచోట ఇటువైపు వేలి చాలు అటువైపు చాలుతో కలవలేదు. తేడా వెంట్రుకవాసే. కానీ అక్కణ్ణుంచి మూతిదాకా ప్రతి పెంకూ ఆ తేడా మీదే ఎక్కి కూర్చుంది. కుమ్మరి కూజాని నిటారుగానే చేశాడు. ఒరగబెట్టింది అతుకు.

"నేనెవరికీ చెప్పనులెండి," అంది అమ్మాయి నేలచూపులు చూస్తూ.

ఆ మిషను పాతదై ఉంటుందంది అత్తయ్య. తర్వాత తెర మురికిగా ఉందంది. తర్వాత అప్పట్లో వచ్చే జిగురు మంచిది కాదంది. ఆపైన తన బల్ల దగ్గరికి వచ్చి కూలబడింది. కూజా ఎదురుగా ఉంది. మూతి దగ్గర ప్లాస్టరుతో పూడ్చిన ఖాళీ కంటపడింది. అప్పట్లో చివరి పెంకు ఎంతకీ పట్టకపోతే, ఇది వీడిది కాదులెమ్మని డబ్బాలో పడేసింది.

నోరు మెదపకపోతే తన పేరు తనకి దక్కుతుంది. వాడేమో నోరులేనివాడు. ఆ చీటీ పక్కన అద్దాల పెట్టెలో, వచ్చేపోయేవాళ్ళందరి ముందూ, చెయ్యని తప్పుకి నిలబడతాడు. అత్తయ్యకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినంత పనైంది. లేచి డైరెక్టరుగారి గదికి వెళ్ళి జరిగింది చెప్పింది.

ఆయన తన వెనక గోడ మీదున్న పోస్టరు వంక చూశారు. అందులో కూజా ఠీవిగా ఒరిగి ఉంది. వంకరే దాని అందమనీ, ఊరంతా పోస్టర్లు అంటించేశామనీ, ఇప్పుడు సరిచేస్తే తన వ్యాసం ఏమైపోవాలనీ మొరపెట్టుకున్నారు.

"వంకర నాదండీ. వాడి నెత్తిన పెట్టి పంపించలేను," అంది అత్తయ్య.

ఆయన చాలాసేపు ఎడమచేత్తో గడ్డం గోక్కుని, వ్యాను వచ్చేలోగా అయితే చూసుకోమన్నారు.

జిగురు కరిగే మందులో తడిపిన దూదితో కలిపి కూజాని సంచిలో మూసేసరికి అతుకులన్నీ ఒక్కొక్కటే విడిపోయాయి. అడుగు ముక్క అంచున ఆవగింజంత మట్టి. ఆనాడు ఆవిడ బ్రష్షు అక్కడికి వెళ్ళలేదు, అంతే. దాన్ని తుడిచి, ఇసుకతొట్టిలో పెంకులు నిలబెడుతూ, పొద్దు వాలేదాకా ఆవిడ తల ఎత్తలేదు. తిట్టడానికి ఎవరూ లేక గది మూగబోయింది. ఎక్స్‌రే అమ్మాయి డబ్బా వెతికి ఆ చివరి పెంకు తెచ్చింది. అది మూతి దగ్గర చప్పుడు లేకుండా దిగి కూర్చుంది. సంతోషించాలో ఏడవాలో తెలియక అత్తయ్య రెండూ చేసింది.

కూజా బల్ల మీద తనంతట తను నిలబడింది. ఆవిడ చుట్టూ చూసి, దాని చెవి దగ్గరికి వంగింది.

"చాలా మాటలన్నాను. మనసులో పెట్టుకోకండి, బావగారూ."

వ్యాను వచ్చింది. పాత చీటీ చెత్తబుట్టలో ఉండిపోయింది, కూజా వెళ్ళిపోయింది. కాసేపటికి ఆవిడ్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన మొగుడు ఖాళీ బల్ల చూశాడు.

"వెళ్ళాడా మా తమ్ముడు?"

"వెళ్ళారు," అంది అత్తయ్య, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆయన ఆ 'వెళ్ళారు' విని ఆవిడ వంక ఓసారి చూసి, దీపం ఆర్పాడు. కిటికీ వెలుగులో బల్ల మీద మడిచిన అట్టముక్క ఒకటి మిగిలింది, ఒక్క పక్కే నలిగి.