కోచ్ ఇంటి ముందు అమ్మకం బోర్డు

కాలేజీ జట్టు శనివారం ఓడిందంటే, ఆదివారం చర్చికి బయల్దేరే వేళకి కోచ్ హార్లన్ ట్వేట్ ఇంటి ముందు గడ్డిలో ఒక బోర్డు పాతి ఉండేది: "ఈ ఇల్లు అమ్మబడును". ఇక మూటాముల్లె సర్దుకోవయ్యా అని ఊరు చేసే మర్యాద అది. అయోవా రాష్ట్రంలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా బతకదలుచుకున్నవాడికి రోషం కాస్త తక్కువుండాలి. హార్లన్ కిమ్మనకుండా దాన్ని పీకి గరాజులో పడేసేవాడు. ఆ చెక్కలతో ఆయన భార్య వెర్నా కోళ్లగూడు కట్టించింది. చెక్క మంచిదే, పాపం చెప్పకూడదు.

పాతేది మంగలి గస్ పెట్రాక్ అని అందరికీ తెలుసు. సోమవారం మధ్యాహ్నం కేఫ్‌లో భోజనాల దగ్గర పెద్దమనుషులంతా కోచ్‌ని నిలబెట్టి సంజాయిషీ అడిగేవాళ్లు. అక్కడా ముందు కుర్చీ గస్‌దే.

"చివర్లో బంతి విసరమని నీకెవడు చెప్పాడయ్యా?"

"నువ్వు చెప్పలేదు గనక కొంచెంలో ఓడాం గస్. నువ్వే చెప్పుంటే పరువు కూడా పోయేది."

అలాంటిది పంతొమ్మిది వందల యాభై మూడులో జట్టు ఒక్క ఆటా ఓడలేదు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వెళ్లగానే పెద్ద యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చింది. మా జట్టు చూసుకో, వారంలో మాట చెప్పు అన్నారు. ఏ కోచ్ అయినా ఎగిరి గంతేసే పిలుపు. హార్లన్‌కి మాత్రం వెళ్లాలనీ ఉంది, ఉండాలనీ ఉంది.

"ఏం చేద్దామంటావ్?" అని అడిగాడు.

వెర్నా బంగాళాదుంపల తొక్క తీస్తూ, "నన్నడుగుతావేం? ఈ ఊరికి మనం కావాలో వద్దో ఇన్నేళ్లుగా బోర్డు రాసి మరీ చెప్తున్నారుగా," అంది.

ఆ మాట చురుక్కుమంది. గరాజులో మిగిలిన బోర్డొకటి తెచ్చి తనే పాతాడు. నేల మంచుకి గట్టిపడిపోయింది గానీ పాత గుంత అక్కడే ఉంది.

మర్నాటికి బోర్డు లేదు. ఇంకోటి పాతితే అదీ మాయం. మూడోది పాతిన మర్నాడు కాఫీ పట్టుకుని కిటికీ దగ్గర కాపు కాశాడు. తెల్లవారుతుండగా గస్ వచ్చి, అటూ ఇటూ చూసి, బోర్డు పీకి చంకలో పెట్టుకున్నాడు.

హార్లన్ కోటైనా తొడుక్కోకుండా బయటికొచ్చాడు. "ఏం గస్, నా ఇల్లు నేను అమ్ముకోకూడదా? ఇన్నాళ్లూ అమ్మమన్నది నువ్వేగా."

"ఓడితే అమ్మమన్నా. గెలిస్తే అమ్మమన్నానా?"

"ఇదెక్కడి న్యాయమయ్యా?"

గస్ బోర్డుని రెండో చంకలోకి మార్చుకున్నాడు. "నిజంగా పొమ్మనేవాడు బోర్డులు రాసుకుంటూ కూర్చుంటాడా? కాలేజీ ప్రెసిడెంటు దగ్గరికెళ్లి మొర పెట్టుకుంటాడు. నేనేనాడైనా వెళ్లానా? నువ్వు పోతే సోమవారాలు నేనెవర్ని తిట్టుకోను?"

హార్లన్‌కి నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. ఇక యూనివర్సిటీకి ఫోన్ చేసి రానని చెప్పడమే మిగిలింది.

"లోపలికి రా, కాఫీ తాగుదువుగాని," అన్నాడు.

గస్ బూటుకాలితో మట్టిపెళ్లలు గుంతలోకి నెట్టబోయాడు.

"దాన్ని పూడ్చకు," అన్నాడు హార్లన్. "వచ్చే ఏడు ఓడమా ఏంటి?"