పురుగు లేని సీతాకోకచిలుక

మా కాలనీ పార్కులో ఓ మూల ఎవరికీ పట్టని నేల ఉండేది. మా చిన్నకోడలు అడిగి తీసుకుని జిల్లేడు, గడ్డిచామంతి, ఇంకా దారిపక్కన తమంతట తామే మొలిచేవన్నీ తెచ్చి అక్కడ పెంచింది. సీతాకోకచిలుకలు వస్తాయంది. పెళ్లయి వచ్చాక ఈ ఊళ్లో తనదంటూ చూసుకున్నది ఆ మూల ఒక్కటే.

పార్కు సంఘం అధ్యక్షుడుగారు మొదట పెదవి విరిచారు. ప్రారంభోత్సవం చేయొచ్చని తట్టేసరికి మెత్తబడ్డారు. రిబ్బను కత్తిరించడమంటే ఆయనకు ప్రాణం. గేటుకు తాళం మార్చినా రిబ్బను కట్టిస్తారు.

"ఆ రోజుకి సీతాకోకచిలుకలు ఎగరాలమ్మా. ఎగరలేదా, ఇదంతా పీకించి టైల్స్ వేయించేస్తాను" అన్నారు.

ఓ ఉదయం ఆయన నడకకు వచ్చి చూస్తే జిల్లేడాకులు జల్లెడలయ్యాయి. చారల చొక్కాలు తొడుక్కున్నట్టు పురుగులు దర్జాగా మేస్తున్నాయి.

"ఇదేంటమ్మా, పురుగు పట్టింది. రేపే మందు కొట్టిస్తా."

"బాబాయిగారూ, సీతాకోకచిలుకలయ్యేవి అవే."

"నాకు తెలీదనుకోకు, చిన్నప్పుడే చదివా. అసలు ఈ పురుగు గొడవ లేకుండా డైరెక్టుగా సీతాకోకచిలుకలే వచ్చే మొక్కలు వేసుండాల్సింది."

పక్కన బెంచీ మీద ఉన్నాను, నా నోరు ఊరుకోదుగా. "పొత్తిళ్ల గొడవ లేకుండా డైరెక్టుగా ఉద్యోగంలో చేరే పిల్లలు ఎక్కడైనా పుడుతున్నారేమో కనుక్కోండి బాబూ, మాక్కూడా ఒకరు కావాలి" అన్నాను. ఆయనకు వినపడలేదు. ఆయనకు వినపడనివి చాలా ఉన్నాయి.

ఆ సాయంత్రమే కోడలు పురుగులున్న కొమ్మలన్నీ కోసి ఇంటికి తెచ్చింది. బకెట్లలో, చెంబుల్లో, నేను మాత్రలు వేసుకునే గ్లాసులో కూడా జిల్లేడే. మర్నాడు పార్కులో మందు కొట్టారు. మా ఇంట్లో అవి తిన్నంత తిని, గూళ్లు కట్టుకుని ఎక్కడ పడితే అక్కడ వేలాడాయి. కర్టెనుకు, గడియారానికి, మావాడి ఇస్త్రీ చొక్కా కాలరుకు.

"అమ్మా, ఆఫీసుకి ఏం వేసుకెళ్లను?"

"అది నిద్ర లేచేదాకా బనీను వేసుకెళ్లరా."

ప్రారంభోత్సవం రోజు రిబ్బను కట్టారు, మైకు పెట్టారు. మందు కొట్టిన చోటికి ఈగ కూడా రాలేదు. అధ్యక్షుడుగారు చెమట తుడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు. మా కర్టెను మీద సీతాకోకచిలుకలు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి.

"అమ్మాయ్, వీటిని ఓ గంట ఇస్తావా? ఫొటోలయ్యాక తెచ్చిచ్చేస్తా."

"అలాగే. కానీ ఇంకెప్పుడూ మందు కొట్టనని, మొక్కలు పీకనని మైకులో చెప్పండి. చెప్పాకే వదులుతాను."

చెప్పారు. ముఖ్య అతిథి ఎదురుగా ఉంటే చెప్పక ఏం చేస్తారు? కోడలు వాటిని తెచ్చిన దోమతెర మూట విప్పింది. అన్నీ గుప్పున లేచాయి. ఒకటి పోతూ పోతూ ఆయన తెల్లచొక్కా మీద ఎర్రటి రెట్ట చుక్క వదిలింది. అందరూ చప్పట్లు కొట్టారు.

వానలకు మందు కొట్టుకుపోయి జిల్లేడు మళ్లీ చిగిర్చింది, పురుగులూ దిగాయి. ఎవరొచ్చినా ఆయన "ఇది నా ఆలోచనే" అని చూపిస్తున్నారు. మొన్న మాత్రం కోడలిని పక్కకు పిలిచి గొంతు తగ్గించారు.

"మాటిచ్చాను కాబట్టి మందు కొట్టనులే. కానీ ఇవి గోడవైపు ఆకులు తింటే బాగుంటుంది కదమ్మా. ఇటువైపు జనం చూస్తారు."

"చెప్పి చూస్తాను, బాబాయిగారూ" అంది మా కోడలు.