మంగవ్వ ఎదురొచ్చిన పొద్దు

"ఇంకెంతసేపే అవ్వా? బస్సు పోతది!"

వాకిట్ల నిలబడి అనిల అరిచిన అరుపుకు, లోపలి అర్రల తలుపు చాటున ఉన్న మంగవ్వ ఇంకింత ఎన్కకు జరిగింది. చెప్పులేసుకుని, హాల్‌టికెట్ ఉన్న ప్లాస్టిక్ కవరు చంకల పెట్టుకుని బిడ్డ ఎప్పుడో తయారైంది. కామారెడ్డిలో పరీక్ష. సర్కారు దవాఖానల్లో ల్యాబ్ టెక్నీషియన్ కొలువులు. ఎన్నేండ్లకో పడ్డ నోటిఫికేషన్. టైం దాటినంక ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు తీయరు.

"జర ఆగు బిడ్డా. ప్రమోద బిందె నింపుతున్నది."

"నువ్వు చూసినవా?"

"చూసేదేంది? వస్తానన్నది గద."

ప్రమోద పక్కింటామె. మొగుడున్న మనిషి, మెడల పుస్తెలు, చేతుల నిండ గాజులు. వాడకట్టుల ఎవరు మంచి పనికి బయల్దేరినా నిండు బిందెతోని ఎదురు వచ్చేది ఆమెనే. మంగవ్వ మాత్రం రాగూడదు. మస్కట్‌ల పనికి పోయిన మొగుడు సాయిలు శవమై పెట్టెల వచ్చిన నాటి నుంచి ఆమె ఎవరికీ ఎదురు రాలేదు. కన్నబిడ్డ ఏ పరీక్షకు పోయినా, ఏ ఇంటర్వ్యూకు పోయినా, అర్రలకు పోయి తలుపు చాటున నిలబడ్తది. పక్కకు జరుగు అని ఎవరన్నా అంటే తట్టుకోలేదు. అందుకే ఎవరూ అనకముందే తనే జరిగేది. బిడ్డ పోవుడు ఆమెకు చెప్పుల చప్పుడుతోనే తెలుసు.

మెయిన్ రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

"అవ్వా, నేను పోతున్న!"

"వద్దు బిడ్డా, నీ కాల్మొక్త! ఎదురు లేకుంట పోతే పెన్ను ఆగిపోతదో, కండ్లు తిరుగుతయో, బస్సే బోల్తా పడ్తదో! ఒక్క నిమిషం!"

ఆ ఒక్క నిమిషం ఎంత సాగిందో. చివరికి ప్రమోద వచ్చింది. చీర మార్చింది, పౌడర్ రాసుకున్నది, తలల పువ్వు పెట్టుకున్నది. "మా అక్క ఫోన్ చేసింది, పెట్టనియ్యదు గద!" అనుకుంట నవ్వింది. అనిల ఆమె మొఖం కూడా చూడలేదు. రోడ్డు మీదికి ఉరికింది. బస్సు పోయింది.

చప్పుడు సద్దుమణిగినంక మంగవ్వ అర్రల నుంచి బయటికొచ్చి, చాట ఒళ్లె పెట్టుకుని బీడీలు చుట్టుడు మొదలుపెట్టింది. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టి దారం కట్టుడు. చేతులు వాటంతట అవే పోతున్నయ్, మనసు బిడ్డ ఎన్క పోతున్నది. మహిపాల్ ఆటో ఎక్కిందట, పక్కింటి పోరగాండ్లు చెప్పిండ్రు. మహిపాల్ లింగంపేట దాకనే పోతడు. ఆడ ఇంకో బస్సు దొరకాలె. దొరుకుతదా? దొరికినా గేటు దగ్గర దించుతదా?

పగటన్నం యాళ్ల కాకముందే వాకిట్ల చెప్పుల చప్పుడైంది. పరీక్ష రాసేటోళ్లు అప్పుడే రారు. మంగవ్వ చేతిల ఆకు చినిగింది.

"గేటు?"

"బందైంది."

"జర బతిమిలాడకపోయినవా?"

"బతిమిలాడిన. ఏడ్చిన. చేతులు జోడించిన." అనిల గొంతు బొంగురుగా ఉన్నది. "నాతోని ఇంకో ఇద్దరున్నరు. ఒకామె సంకల పసిపిల్ల. లోపల గంట కొట్టిండ్రు, పేపర్లిచ్చిండ్రు. కిటికీలకెళ్లి అన్నీ కనపడ్డయ్. నా సీటు ఖాళీగ ఉన్నది."

మంగవ్వ లేచి నిలబడ్డది. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. "వాళ్ల చేతులు పడిపోను! ఏండ్లకేండ్లు పోరగాండ్లను సతాయించి, ఆఖరికి నిమిషం కోసం గేటు మూస్తరా? వాళ్లేనాడన్న టైముకు నోటిఫికేషన్ ఇచ్చిండ్రా? టైముకు రిజల్ట్ ఇచ్చిండ్రా? మన దగ్గరికొచ్చేసరికే గడియారం కనపడ్తదా వాళ్లకు?"

కొంగు నడుముకు చుట్టుకుని సక్కగ ప్రమోదింటికి పోయింది.

"ఏమే ప్రమోదా, పౌడర్ పెట్టుకునుడు అయిందా? నా బిడ్డ బతుకు మీద మన్ను పోసినవ్ గద!"

ప్రమోద గిన్నెలు తోముతున్నది. తల ఎత్తి చూసి గిన్నె పక్కకు పెట్టింది. "నేనేం జేసిన మంగక్కా? నువ్వు పిలిస్తే వచ్చిన. జీతానికున్ననా? మా ఇంట్ల పనులుండయా?"

"ఒస్తానని ఎందుకన్నవ్ మరి?"

"ఆలస్యమైతే పంపకపోయినవా? పట్టి ఆపింది నువ్వు. తిట్టేది నన్నా? అంత తొందరుంటే నువ్వే రాకపోయినవా ఎదురు!"

ఆ మాట అన్నంక ప్రమోద నాలుక కరుచుకున్నది. కానీ అననే అన్నది. అరుగు మీద కూసున్న బావ హన్మండ్లు, సాయిలుకు అన్న, చుట్ట నోట్లకెళ్లి తీసి, "పొల్లకు ఇంకేం పరీక్షలే మంగవ్వా," అన్నడు. "ఎన్నిసార్లు రాసింది? రాసినప్పుడల్లా పోయింది. రాసిపెట్టి లేదనుకుని ఎవనికన్న కట్టబెట్టు."

ఎన్నడైనా బావ ముందర కొంగు తల మీదికి లాక్కునే మంగవ్వ ఆనాడు లాక్కోలేదు. సీదా ఇంటికొచ్చింది.

ఇంట్ల అనిల చాట ముందర కూసున్నది.

పుస్తకాలన్నీ గోనెసంచిల వేసి మూతి కట్టేసింది. కత్తెర పట్టి ఆకు కోస్తున్నది. రక్తం చుక్క గాజుపలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద చూసే వేళ్లు, తంబాకు పోసి చుట్టరాక ఆకును చింపుతున్నయ్.

"ఏం జేస్తున్నవే?"

"బీడీలు. రేపటి నుంచి నేనూ చేస్త. కార్ఖానల నా పేరు రాయించు."

"కింద పెట్టు ఆ చాట!"

"ఎందుకు? నీకు మంచిగున్నది, నాకు మంచిగుండదా? దీనికి హాల్‌టికెట్ అక్కర లేదు. గేటు లేదు. ఎదురు అసలే అక్కర లేదు."

మంగవ్వ చాట గుంజింది. అనిల విడవలేదు. ఆకులు, తంబాకు ఇల్లంత పడ్డయ్. "ఏడ్వకు, అరువకు, పోయింది ఒక్క పరీక్షనే, ఇంకోటొస్తది," అన్నది మంగవ్వ, తనే అరుస్తూ.

"పోయింది పరీక్ష కాదే! ఓడిపోయి వస్తే నాకింత బాధ లేకుండె. రాయకుంట వచ్చిన. ఇన్నిసార్లు ప్రమోదక్క ఎదురొచ్చింది గద, ఎన్ని కొలువులొచ్చినయ్? బాపు మస్కట్ పోయిన పొద్దు ఎదురొచ్చింది ఎవరు? నువ్వే. నిండు బిందెతోని, నిండు ముత్తైదువగ. వచ్చిండా బాపు?"

మంగవ్వ గోడకు ఆనుకుని జారగిలబడ్డది. ఇన్నేండ్లు ఆ మాట ఎవరన్న అంటరేమోననే కదా ఆమె భయపడ్డది. నా ఎదురే సాయిలును తిన్నదని లోపల లోపల ఎన్నిసార్లనుకున్నదో లెక్క లేదు. ఇప్పుడు బిడ్డే అన్నది.

"అంటే నేనే పొట్టన పెట్టుకున్ననంటవా బిడ్డా?"

"అయ్యో, నీకు దండం పెడ్తనే!" అనిల నెత్తి కొట్టుకున్నది. "ఎదురుకు, బతుకుకు ఏం సంబంధం లేదంటున్న. బాపు గుండె ఆగింది ఎండల పనిచేసి. నీ బిందెతోని కాదు. నీకు తెల్వదు గని, పోయేటప్పుడల్లా నేను తిరిగి చూస్త. నాకు తలుపు కనపడ్తది. మూసిన తలుపు. మా అవ్వ నన్ను చూస్తెనే చెడిపోయేంత నాసిరకం పనా ఇదనిపిస్తది. ఆ భయం హాల్ల కూసున్నంక కూడా నా పక్క సీట్లనే కూసుంటది."

ఆ రోజు ఇద్దరూ అన్నం తినలేదు.

మూడు నాలుగు రోజులు గడిచినయ్. అనిల చాట విడవలేదు. హన్మండ్లు కొడుకు హరీష్ హైదరాబాద్‌ల ఉంటడు. దినాం పొద్దుగాల ఫోన్‌కు సూర్యుని బొమ్మ పంపుతడు, కింద "పాజిటివ్‌గా ఉండు చెల్లే, విజయం నీదే" అని. ఆ పొద్దు కూడా పంపిండు. అనిల చూసి ఫోన్ బోర్లేసింది. మంగవ్వకు ఒళ్లు మండింది.

"ఆ సూర్యున్ని తీస్కపోయి పొయ్యిల పెట్టుమను! వాన్ని మొన్న కంపెనీలకెళ్లి తీసేస్తే మూడ్నెల్లు మంచం దిగిండా? అప్పుడేడ పోయిండు ఈ సూర్యుడు?"

అనిల మూతి కొంచెం వంకరైంది. నవ్వో కాదో తెలియలేదు.

ఫోన్ మళ్లా మోగింది. ఈసారి సూర్యుడు కాదు. కామారెడ్డిల కొత్తగ పెట్టిన రక్తపరీక్షల సెంటర్ వాళ్లు, అనిల ఆడ ఎప్పుడో అర్జీ పెట్టింది. బేస్తారం పొద్దున ఇంటర్వ్యూకు రమ్మన్నరు. "వస్త సార్," అన్నది అనిల, అలవాటు కొద్ది. ఫోన్ పెట్టి మళ్లా కత్తెర పట్టింది.

"పోవా?"

"ఎందుకు పోవుడు?"

మంగవ్వ బిడ్డను చూసింది. వంగిన నడుము, గోర్ల సందుల తంబాకు, ముక్కు మీద చెమట. అచ్చం తను. బస్సు బోల్తా పడ్తదో, పెన్ను ఆగిపోతదో అని ఇన్నేండ్లు బయటి దిక్కు చూసి భయపడ్డది. ఏది కావద్దని మొక్కిందో అది ఇంట్లనే, తన చాట ముందరనే, తన కత్తెరతోనే కూసున్నది. పోయి గోనెసంచి మూతి విప్పింది.

బేస్తారం పొద్దున అర్రల మంచం మీద అనిల బట్టలు మడత పెట్టి ఉన్నయ్. సర్టిఫికెట్లు కవర్ల పెట్టి ఉన్నయ్. సద్ది డబ్బా కట్టి ఉన్నది. మంగవ్వ ఇంట్ల లేదు. అనిల కాసేపు కూసున్నది. నిలబడ్డది. మళ్లా కూసున్నది. ఆఖరికి గొణుక్కుంట జడ వేసుకున్నది.

చెప్పులేసుకుని వాకిలి దాటేసరికి, గల్లీ మూల మీద నల్లా దగ్గర లొల్లి.

"జరుగు ప్రమోదా! ఇయ్యాల నల్లా నాకు కావాలె."

"ఎదురుకే వచ్చిన మంగక్కా. మొన్నటి మాట మనసుల పెట్టుకున్నవా ఏంది?"

"పెట్టుకున్న. మంచి మాటే అన్నవ్. జరుగు."

మంగవ్వ బిందె నింపి నడుం మీద పెట్టుకున్నది. సాయిలు మస్కట్ పోయిన నాటి బిందె, సొట్ట పడ్డది. నీళ్లు తొణికి చీర తడుస్తున్నది. గల్లీల జనం నిలబడి చూస్తున్నరు. హన్మండ్లు అరుగు దిగిండు.

"ఏందే అది? బుద్ధుందా? నువ్వు ఎదురు రావచ్చునా పిల్లకు?"

మంగవ్వ ఆగింది. కొంగు జారింది, సర్దుకోలేదు. "నా బిడ్డ బావా. తొమ్మిది నెలలు మోసిన నాడు రావచ్చునా అని నన్నెవరూ అడగలే. దాని ఫీజుకు బీడీలు చుట్టిన నాడు అడగలే. ఇయ్యాల ఎదురొస్తనే చెడిపోతదా? చెడిపోతే చెడిపోనీ, నా మొఖం చూసే చెడిపోతది!"

ఒక్కో అడుగు వేసుకుంట బిడ్డకు ఎదురొచ్చింది. ఇన్నేండ్లకు మొదటిసారి, పోతున్న బిడ్డ చెప్పుల చప్పుడు వినుడు కాదు, మొఖం చూసింది. ఆ మొఖం మీద కోపం ఇంకా పోలేదు. కండ్లు మాత్రం నిండినయ్.

"పక్కకు జరుగే," అన్నది అనిల. "బస్సు పోతది."

మంగవ్వ జరగబోయి తూలింది. బిందె సగం నీళ్లు బిడ్డ కాళ్ల మీద ఒలికినయ్.

"అయ్యో, ఒలికినయ్! ఒలికితే మంచిదా చెడ్డదా?"

"తడి!" అన్నది అనిల. "ఒలికితే తడి. గంతే." తడి చెప్పులతోనే టపటపలాడుకుంట ఉరికింది. బస్సు దొరికింది.

మాపటికి తిరిగొచ్చింది. వాకిట్ల చెప్పులు విసిరేసింది. ఆ విసురు చూసే మంగవ్వకు తెలిసింది.

"రాలేదా?"

"అనుభవం కావాల్నట. కొలువు ఇస్తే గద అనుభవం వచ్చేది! ఇంటర్వ్యూ చేసినాయనకు ఒక పరీక్ష పేరే సరిగ్గ పలుకరాదు. నేను చెప్పిన. మొఖం మాడ్చుకున్నడు."

మంగవ్వ గొంతుల ఒక మాట అడ్డం పడ్డది. నా మొఖమే. నా ఎదురే. ప్రమోద వచ్చి ఉంటే...

"అనకు," అన్నది అనిల.

"నేనేమన్న అన్ననా?"

"అంటవ్. నోట్లనే ఉన్నది. మింగు."

మంగవ్వ మింగింది. మస్తు కష్టంగ దిగింది ఆ మాట. అది దిగినంక దాని జాగల కోపం వచ్చింది. "వాడు తల్లి కడుపులకెళ్లే అనుభవంతోని పుట్టిండా? వాని మొదటి నాడు వానికెవరిచ్చిండ్రు కొలువు?"

"గదే అడిగిన."

"అడిగినవా?"

"మర్యాదగనే అడిగిన." అనిల చాట దిక్కు చూసింది. పోయి కాలితో దాన్ని మంచం కిందికి తోసింది. "సోమారం సదాశివనగర్ల ఒక దవాఖానకు రమ్మన్నరు. బస్సుల కూసుండి నేనే ఫోన్ చేసిన. ఏడింటికే పోవాలె. నువ్వే ఎదురు రావాలె. బిందె వద్దు, ఉన్నవి ఒక్క జత చెప్పులే. సద్ది డబ్బా పట్టుకుని రా, ఇయ్యాల మర్చిపోయిన."

"మర్చిపోయినవా? పొద్దుగాల లేచి వండి, కండ్ల ముందర పెడ్తే మర్చిపోయినవా? దినమంత ఏం తిన్నవే? కండ్లు తిరిగి రోడ్డు మీద పడితే ఎవడు లేపుతడు? అందుకే వాడు పనికి రావన్నడు, తిండి లేని మొఖం వేసుకుని పోతే ఎవడిస్తడు కొలువు..."

తిట్టుకుంటనే మంగవ్వ పొయ్యి రాజేసింది. ఆ తిట్లు ప్రమోదింటి దాక వినపడ్డయ్.