గాజుకడ్డీలోంచి కారిన ఉప్పు

నాకు ఓపిక లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అన్నం ఉడికిందో లేదోనని మాటిమాటికీ మూత తీస్తాను. బట్టలు కుట్టడం నా పని. అందులోనూ అంతే, ఒక చొక్కా పూర్తికాకముందే రెండోది కత్తిరించేస్తాను. అలాంటిదాన్ని, చెల్లెలు మందు పరీక్షిస్తున్న ఆ రోజుల్లో కాలుగాలిన పిల్లిలా తిరిగానంటే వింతేముంది?

మందు మా పాప కోసం. దాన్ని అందరూ పిడుగు అంటారు. బాగున్నప్పుడు పిడుగే. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యీ కాలూ వాలిపోతాయి. నిద్రపోయి లేస్తే ఒక్కోసారి బాగవుతుంది, ఒక్కోసారి రోజులు పడుతుంది. మరోసారి రెండో పక్క. డాక్టర్లు జబ్బు పేరైతే చెప్పారు గానీ, నాకు అర్థమయ్యేలా చెప్పింది పరిశోధనశాలలో పనిచేసే మా చెల్లెలే.

"మన కణాల గోడల్లో ఒక ఎంజైమ్ ఉంటుందక్కా. పంపు అనుకో. మూడు సోడియం అయాన్లని బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లని లోపలికి లాగుతుంది. అలా తోడుతూ ఉంటేనే నరం పనిచేస్తుంది. ఊరికే కాదు, విడతకో ఏటీపీ ఖర్చు."

"ఏటీపీ ఏంటే?"

"తిన్న తిండిలోంచి కణం తయారు చేసుకునే శక్తి. నువ్వు కదలకుండా కూర్చున్నా అందులో పెద్ద వాటా ఈ పంపులే మింగేస్తాయి."

"నేనెప్పుడు కదలకుండా కూర్చున్నానే?" అన్నాను.

పిడుగు నరాల్లోని పంపుకి పొటాషియం మీద పట్టు చిక్కదు. అలాంటి పంపునే చెల్లి ల్యాబ్‌లో తయారుచేసి, దాన్ని తిప్పగలిగే మందు వెతుకుతోంది. పొటాషియం బాగా తక్కువున్న ద్రావణంలో పంపుని ఉంచి, ఏటీపీ ఇచ్చి, మందు కలుపుతుంది. పంపు తిరిగితే ఏటీపీ విరుగుతుంది. విరిగిన ముక్క ఉందో లేదో చివర్లో పోసే ద్రవం చెబుతుంది: ఉంటే నీలంగా మారుతుంది, లేకపోతే నీళ్లలాగే ఉండిపోతుంది.

ఆ సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. "అక్కా, నీలం!" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మర్నాడే వెళ్లి పిడుగుకి సైకిలు కొనేశాను.

మందు ద్రావణం కొత్తగా కలిపి మళ్లీ చేసి చూడాలంది చెల్లి. ఆ రోజు ఇంట్లో ఉండలేక పిడుగుని వెంటబెట్టుకుని ల్యాబ్‌కే వెళ్లాను. చెల్లి బల్ల దగ్గర నిలబడి ఉంది. గొట్టాలన్నీ నీళ్లలా ఉన్నాయి.

"ఇంకా రంగు రాలేదా?"

"రాదక్కా."

"ఏమైందే?"

"సోమవారం మందు ద్రావణం మరీ పుల్లగా ఉంటే క్షారం చుక్కలు వేస్తూ సరిచేశాను. పులుపు కొలిచే మీటరుకి ఉండే గాజుకడ్డీని అందులో ముంచాను. ఆ కడ్డీ నిండా పొటాషియం ఉప్పునీళ్లే. సన్నగా కారుతూనే ఉంటుంది, దాని తయారీయే అంత. ముంచి వెంటనే తీసెయ్యాలి." చెల్లి నా మొహం చూడలేదు. "అప్పుడే ఫోన్ వచ్చింది. కడ్డీని అందులోనే వదిలేసి బయటికెళ్లి మాట్లాడాను, చాలాసేపు."

"అంతసేపు ఎవరితో..." అనబోయి ఆగాను. రోజూ మధ్యాహ్నం ఏమైందే, ఏమైందే అని దాని ప్రాణం తీసేది నేనే.

"మిగిలిన ద్రావణంలో పొటాషియం కొలిచాను, దండిగా ఉంది. అంతుంటే ఈ పంపైనా తిరుగుతుంది. తిప్పింది మందు కాదు."

"అయితే పొటాషియమే ఇద్దాం!"

"ఒంట్లో అంత పెరిగితే గుండె ఆగిపోతుందక్కా."

ఒళ్లు మండిపోయింది. కడ్డీ మీదో, చెల్లి మీదో, నా మీదో తెలియలేదు. "మీ పెద్దసారుకి చెప్పావా?"

"ఇంకా లేదు. పిల్లలకి ఇచ్చి చూసే సంగతి రేపు ఆసుపత్రి వాళ్లతో మాట్లాడతారట."

"అయితే చెప్పకు. ఇచ్చి చూడనీ. గుడ్డికంటే మెల్ల నయం కదా!"

"పనిచెయ్యదని తెలిసీ పిడుగు నోట్లో పొయ్యమంటావా?"

పిడుగు ల్యాబ్‌లోని తిరుగుడు కుర్చీలో గిరగిరా తిరుగుతూ, "పిన్నీ, నీలం ఏదీ?" అని అడిగింది. చెల్లి దాన్ని ముద్దు పెట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లింది.

తర్వాత చెల్లికి ఫోన్ చెయ్యడం మానేశాను. సైకిలు ముందుగదిలోనే ఉంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కాలికి తగులుతూనే ఉంది. తిరిగిచ్చేద్దామంటే చేతులు రాలేదు.

ఇవాళ పిడుగు ఎడమ చెయ్యి మళ్లీ వాలిపోయింది. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఇక ఉండబట్టలేక చెల్లికి ఫోన్ చేశాను.

"అక్కా! ఇంకో మందు కలుపుతున్నానే. కడ్డీ ద్రావణంలో ఉంది," అంది కంగారుగా.

మామూలుగానైతే, కడ్డీ ఎక్కడికీ పోదు గానీ ముందు నా మాట విను అనేదాన్ని.

"తీసి, కడిగి రావే," అన్నాను. "నేను ఆగుతాను."

అటునుంచి కుళాయి నీళ్ల చప్పుడు వినిపించింది. ఫోన్ చెవికి ఆనించుకుని, పిడుగు వాలిన చేతిని నా చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. నేను కదల్లేదు.