పెడలు మీద చల్లబడ్డ పాదం

నేను ఒక కుట్టుమిషన్‌ను. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ముందు ఒక పంతులమ్మగారింట్లో పూలకుండీకి పీటనయ్యాను. చీరాలలో దావీదు నన్ను కొని తన కొట్లో పెట్టుకున్నాకే నా బతుక్కి పని దొరికింది.

దావీదుకి ముప్పై అయిదేళ్లుంటాయి. జాకెట్లు కుట్టడంలో పేరున్నవాడు. అతని పెదవి మీద బీడీ లేని పూట మాత్రం నేను చూడలేదు.

ఒక చలికాలం నాకు అనుమానం మొదలైంది. గంటలకొద్దీ తొక్కే మనిషి జాకెట్టు సగంలో ఆగి పిక్క పిసుక్కునేవాడు. ఆగితే నొప్పి పోయేది, తొక్కితే మళ్లీ వచ్చేది. పెడలు మీద అతని పాదం నా ఇనుము కన్నా చల్లగా తగిలేది. చక్రం తిప్పే వేళ్లు తెల్లబడి, తర్వాత నీలంగా మారేవి.

దావీదు అనుమానించింది నన్ను. పెడలు బిగుసుకుపోయిందని నూనె పోశాడు. మనుషులు ముందుగా నోరులేనివాళ్లనే అనుమానిస్తారు. తర్వాత పక్క కొట్టు టైలరు మస్తాన్ వంతు వచ్చింది. ఇద్దరూ రోజూ ఒకే టీ పంచుకునేవాళ్లు. సూది గుచ్చుకున్న వేలు ఎంతకీ మానకపోయేసరికి, "నా గిరాకీ చూసి ఓర్వలేక ఏదో చేయించావు గదరా!" అని దావీదు బజారంతా వినేలా అరిచాడు.

మస్తాన్ తెల్లబోయాడు. "నేనెందుకు చేయిస్తా దావీదూ? ఆసుపత్రికి పోదాం పా."

దావీదు మొహం తిప్పుకున్నాడు.

కాలి బొటనవేలు నల్లబడ్డాక భార్య సలోమి అతన్ని బలవంతాన ఆసుపత్రికి తీసుకెళ్లింది. తిరిగొచ్చి నా పక్కనే నిలబడి మస్తాన్‌కి చెప్పింది.

"డాక్టరమ్మ చీలమండ కాడ నాడి చూసిందన్నా, దొరకలేదు. పొగకి కాళ్లల్లో చేతుల్లో రక్తం పారే సన్న గొట్టాలు వాచి, లోపల గడ్డకట్టి మూసుకుపోతన్నాయంట. బీడీ మానితే ఈ ఏలుతో ఆగొచ్చంట. మానకపోతే కాలు, ఆనక చెయ్యి."

వేలు తీసేశారు. దావీదు బీడీ మానేశానన్నాడు. నేను నమ్మలేదు. సలోమి చర్చికి వెళ్లగానే నా సొరుగులో దారపుండల కింద చెయ్యి పెట్టేవాడు. "ఒక్కటేగా," అనేవాడు, వినేవాళ్లెవరూ లేకపోయినా. పక్కవేలు మీద పుండు లేచింది.

ఒకరోజు మస్తాన్ నల్లదారం కోసం వచ్చి సొరుగు లాగాడు. బీడీకట్ట బయటపడింది. అతను తిట్టలేదు. దావీదు కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇంత చల్లగా ఉందేందిరా? దీన్ని గూడా ఇచ్చేస్తావా?"

దావీదు తల దించుకున్నాడు. "నిన్ను బజార్లో తిట్టినప్పుడు గూడా నా నోట్లో బీడీ ఉందిరా మస్తాన్," అన్నాడు. కట్ట తీసుకుని కుంటుతూ వెళ్లి మురిక్కాలవలో పడేశాడు.

పుండు మానడానికి నెలలు పట్టింది. రెండో వేలు మిగిలింది, చేతులూ మిగిలాయి. ఇప్పుడు నన్ను సలోమి తొక్కుతుంది. దావీదు బల్ల దగ్గర కూర్చుని గుడ్డ కత్తిరిస్తాడు.

పొద్దుగూకేవేళ సలోమి కుట్టడం ఆపి అతనివైపు చూస్తుంది. దావీదు లేచి వచ్చి రెండు చేతులూ చాపుతాడు. ఆమె ఒక్కో వేలూ వాసన చూస్తుంది. అంతటితో నమ్మకం కుదరక, ఆ అరచేతుల్ని తన చెంపలకి ఆనించుకుని వెచ్చగా ఉన్నాయో లేదో చూసుకుంటుంది.