నూకరత్నం తల వాల్చిన అట్ట

నేను ఒక పరీక్ష అట్టను. రంపపు పొట్టులో జిగురు కలిపి మిషన్‌లో అదిమితే పుట్టాను. నెత్తిన ఇనప క్లిప్పు బిగించి తుని బజారుకు తోలారు. మనుషులకు నేను ఏడాదికి పది రోజులే చుట్టాన్ని. పరీక్షలు రాగానే బొట్టు పెట్టి దేవుడి పటం ముందు నిలబెడతారు, అవి కాగానే బియ్యం డబ్బాకు మూత చేస్తారు. అలవాటైపోయింది లెండి.

నన్ను మొదట కొన్నది లోవకుమారి. పది, ఇంటరు నా మీదే రాసి, బట్టల కొట్లో ఉద్యోగం దొరికితే కాకినాడ వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ నూకరత్నం అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు వండిపెట్టడం, ముక్కులు తుడవడం, మధ్యాహ్నం జోకొట్టి పడుకోబెట్టడం, పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఆ కేంద్రంలో టీచరు పోస్టు ఖాళీ పడింది. పది పాసైతే ఆ కుర్చీ నీదేనన్నారు ఆఫీసులో. ఆ ఏడాది తప్పితే మాత్రం వయసు దాటిపోతుందన్నారు. నలభై నాలుగేళ్ళ మనిషి ఓపెన్ స్కూల్లో చేరి, నన్ను బియ్యం డబ్బా మీంచి తీసి కొంగుతో తుడిచింది. నిజం చెబుతున్నాను, నాకు గర్వమేసింది.

తెల్లవారుజామున ఇడ్లీ బండి, పగలంతా కేంద్రం, సాయంత్రం ఇంటి చాకిరి. తగ్గించుకోడానికి నిద్ర ఒక్కటే మిగిలింది, దాన్నే కోసుకుంది. నిద్ర ముంచుకురాకుండా చన్నీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని, కళ్ళ కింద బామ్ రాసుకుని లెక్కలు చేసేది. పాఠాలు చెప్పే సన్యాసిరావు మాస్టారు అగ్గికి ఆజ్యం పోశాడు.

"ఇంకో గంట తక్కువ పడుకుంటే చచ్చిపోరమ్మా. లెక్కలు అవే వస్తాయి."

మహానుభావుడు! తను మాత్రం భోంచేసి కుర్చీలోనే గుర్రు పెట్టేవాడు.

లెక్కలు రాలేదు సరికదా, వచ్చినవి పోయాయి. నిన్న చేసిన లెక్క ఇవాళ కొత్తగా కనబడేది. మరిచిపోతున్నానని ఇంకాస్త మేలుకునేది, మేలుకున్నందుకు ఇంకాస్త మరిచిపోయేది. ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది, పిల్లలు ఉమ్మేశారు. అదే రోజు పిల్లలకు టీకాలు వెయ్యడానికి వచ్చిన గ్రేసమ్మ సిస్టరు ఆమె బీపీ చూసి అదిరిపడింది.

"ఏటమ్మా ఇది, నూట డెబ్బై! మాత్ర రాస్తారు, ఆస్పత్రికి రా. ముందు కడుపునిండా నిద్రపో."

"నే పడుకుంటే నా పరీక్ష నువ్వు రాస్తావేటి?" అని నవ్వేసింది నూకరత్నం.

ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

మిగతా పరీక్షలు ఎలాగో గట్టెక్కాయి. చివరిది లెక్కలు. సరిగ్గా ఫ్యాను కింద బెంచీ దొరికింది, అదే కొంప ముంచింది. చిన్న లెక్కలన్నీ అయ్యాక పెద్దవి రెండు చేసింది. మూడోదాంట్లో పెన్ను గీత కిందికి జారిపోయి, నుదురు వచ్చి నా మీద ఆనింది. అమ్మో, ఎంత వేడిగా ఉందో ఆ నుదురు! కాపలా ఉన్న కుర్ర మాస్టారు లేపబోయి ఆగాడు.

"పాపం, ఎప్పుడు పడుకుందో ఏమో. ఓ పది నిమిషాలు పోనీండి" అని పక్క బెంచీ ఆవిడతో అని, అదనపు కాగితాలు పంచడానికి వెళ్ళి ఆ సంగతే మరిచాడు. మనుషుల జాలి ఇంతే, సగం దారి వచ్చి ఆగిపోతుంది. నాకు నోరుంటే అరిచి లేపేదాన్ని. గంటంబావు పడుకుంది. కొన్ని నెలల్లో ఆమె అంత ఒళ్ళు తెలీకుండా పడుకున్నది అప్పుడే.

ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయని గంట కొట్టగానే ఉలిక్కిపడి లేచి, "పిల్లలు లేచారా?" అంది. హాలంతా నవ్వింది. తను ఎక్కడుందో తెలిశాక ఆమె మొహం చూడలేకపోయాను.

లెక్కల్లో ముప్ఫై ఒకటి వచ్చాయి. ముప్ఫై అయిదు కావాలి.

ఫలితాలొచ్చిన వారానికి ఇడ్లీ బండి దగ్గరే కూలబడింది. మూతి వంకర పోయింది, కుడిచెయ్యి పట్టు తప్పింది. ఆస్పత్రి చీట్లన్నీ నా క్లిప్పుకే పెట్టారు. "ఈవిడ రోజుకు ఎన్ని గంటలు పడుకుంటుందమ్మా?" అని డాక్టరు అడిగితే, కాకినాడ నుంచి పరుగెత్తుకొచ్చిన లోవకుమారి "ఆరేమోనండీ" అంది. ఆ పిల్లకేం తెలుసు? మూడు గంటలని నాకు తెలుసు. నన్నెవరు అడుగుతారు?

నాలుగు నెలలకు నూకరత్నం మళ్ళీ కేంద్రానికి వెళ్ళింది, నన్నూ, చీట్లనూ చంకన పెట్టుకుని. ఆ కుర్చీలో హిమజ అని ఇరవై రెండేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. మంచి పిల్లే. సర్కారు బడిలో టీచరు ఉద్యోగానికి కోచింగు తీసుకుంటోందట. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"పిన్నిగారూ, ఆ అట్ట ఓసారి ఇస్తారా? కోచింగులో వారం వారం పరీక్షలండీ."

నూకరత్నం చీట్లు తీసి ఎడంచేత్తో నన్ను అందించింది. "సరిగ్గా పడుకుంటన్నావా అమ్మా?"

"ఈ ఒక్క నెలేగా పిన్నిగారూ! పరీక్షయ్యాక కావలసినంత పడుకుంటాను."

"నేనూ అదే అనుకున్నానమ్మా" అంది నూకరత్నం, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ.

హిమజ నవ్వి, తెల్ల కాగితాలు నా క్లిప్పులో బిగించింది. ఆదివారం నేను మళ్ళీ పరీక్షకు పోతున్నాను.